ఆ పాస్‌పోర్టు ఇవ్వకండని ఒక్క మాట అనుంటే: మన జిల్లాల టూర్ ఏజెంట్లకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అండమాన్, విదేశీ టూర్ ప్యాకేజీలు నడిపే ఏజెంట్లందరికీ, మీ చేత మా డీలర్లను ద్వీపాలకు తిప్పించే కంపెనీల సేల్స్ ఆఫీసర్లకూ,

నమస్కారం.

నేను నరసన్నపేటలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. సిమెంటు, ఇనుము, రంగులు, కరెంటు సామాను అమ్ముతాను. మీలో చాలామందికి నా మొహం తెలిసే ఉంటుంది. విశాఖ విమానాశ్రయం ముందు మీ బ్యానర్ పట్టుకుని గ్రూప్ ఫోటోల్లో నిలబడిన వాళ్లలో నేనూ ఉన్నాను. మా వ్యాపారం సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. కంపెనీ మాకు టార్గెట్ పెడుతుంది. మూడు నెలల్లో ఇన్ని టన్నులు ఎత్తితే బ్యాంకాక్, ఇంకొంచెం ఎత్తితే ఫుకెట్, ఇంకా ఎత్తితే బాలి. ఎత్తిన సరుకు అమ్ముడుపోయిందా, గోడౌన్‌లో గడ్డకట్టిందా అన్నది తర్వాతి సంగతి. అలా నేను థాయ్‌లాండ్ చూశాను, ఇండోనేషియాలోని బాలి చూశాను. సొంత డబ్బుతో ఇంట్లోవాళ్లను అండమాన్ తీసుకెళ్లాను. కాబట్టి ఇది టూర్లంటే గిట్టనివాడు రాసే ఉత్తరం కాదు. మళ్లీ వెళ్లాలని ఉన్నవాడే రాస్తున్నాడు.

2023 ఫిబ్రవరిలో రెండు జిల్లాల డీలర్లం ముప్పై నాలుగు మందిమి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవికి వెళ్లాం. రెండో రోజు మధ్యాహ్నం పటాంగ్ బీచ్‌లో వదిలారు. రాజాం నుంచి వచ్చిన మిత్రుడొకరు తన కొడుకుని వెంట తెచ్చుకున్నాడు. కుర్రాడు జెట్ స్కీ, అంటే నీళ్ల మీద నడిపే మోటారు బండి, ఎక్కుతానన్నాడు. అరగంటకు 1,500 బాత్. డిపాజిట్‌గా పాస్‌పోర్టు ఇమ్మన్నారు. మా మిత్రుడు మీ టూర్ మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఇచ్చేయండి సార్, ఇక్కడ అందరూ ఇస్తారు, ఏం కాదు" అన్నాడు. ఇచ్చేశాడు.

కుర్రాడు తిరిగొచ్చాక ముగ్గురు మనుషులు ఆ బండిని ఇసుక మీదికి లాగారు. వంగి చూశారు, అడుగున వేలు పెట్టి చూపించారు. గీతలు. అవి పాత గీతలని మా షాపులో రంగు కలిపే కుర్రాడైనా చెప్పగలడు. గీతలో ఉప్పు పేరుకుని తెల్లగా అయిపోయింది. అయినా 60,000 బాత్ కట్టమన్నారు. మన డబ్బులో దాదాపు లక్షన్నర. కాదంటే పాస్‌పోర్టు ఇవ్వరు. చుట్టూ పది మంది మూగారు. గొంతులు లేచాయి. మేనేజర్ వచ్చాడు, "నేను మాట్లాడతాను, టెన్షన్ పడకండి" అన్నాడు. పావుగంట తర్వాత చూస్తే లేడు. నాలుగింటికి షో ఉందట, మిగతా ముప్పై రెండు మందికి లేటవుతోందట. బస్సు వెళ్లిపోయింది. అక్కడ మిగిలింది మా మిత్రుడు, అతని కొడుకు, నేను.

మమ్మల్ని ఆదుకున్నది మామిడి ముక్కలు అమ్ముకునే ఒక ఆవిడ. ఇంగ్లీషు రాదు, మాకు థాయ్ రాదు. తన ఫోన్ తీసి 1155 అని నొక్కి నా చేతిలో పెట్టింది. అది అక్కడి టూరిస్ట్ పోలీసుల నంబరు. ఇంగ్లీషులో మాట్లాడతారు. వాళ్లు వచ్చారు, ఇద్దరి మాటా విన్నారు, బేరం 12,000 బాత్ దగ్గర తెగింది. ముప్పై వేల రూపాయలకు కాస్త తక్కువ. అది న్యాయమా అంటే కాదు. కానీ ఆ పూట మాకు న్యాయం అక్కర్లేదు, పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టు చేతిలో పడ్డాక మా మిత్రుడు దాన్ని చొక్కా లోపల బనియన్‌లో దోపుకున్నాడు. ఊరికి వచ్చేదాకా అక్కడే ఉంచుకున్నాడు.

రాత్రి హోటల్లో అతను నాతో అన్న మాట ఒక్కటే: "ఈ సంగతి రాజాంలో తెలియనివ్వకు బావా. సిమెంటు బేరంలో రూపాయి వదలనోడు సముద్రం ఒడ్డున ముప్పై వేలు వదిలేసాడని నవ్వుతారు." నేను మాటిచ్చాను. ఇప్పుడు కూడా అతని పేరు రాయడం లేదు.

పోయిన ఏడాది చీపురుపల్లిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల బంతిలో పక్కన కూర్చున్న విజయనగరం డీలరు, మాటల మీద మాటగా, తనకు జరిగింది చెప్పాడు. అదే బీచ్, అదే అడుగున గీతలు, అదే ఏజెంటు, అదే "ఏం కాదు సార్". అతను మాకంటే ఎక్కువే కట్టాడు. చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "ఎవరికీ అనకండి" అన్నాడు. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది నాకు. మేం నోరు మూసుకోవడం వల్లే ఇతను మునిగాడు. మా పరువు మేం కాపాడుకుంటుంటే మీ వ్యాపారం నిమ్మకు నీరెత్తినట్టు సాగిపోతోంది. ఒక్క గ్రూపు అయినా తిరిగొచ్చి గట్టిగా అడిగి ఉంటే, తర్వాతి గ్రూపుకైనా బస్సులో మైకు పట్టుకుని చెప్పి ఉండేవారు. మేం అడగలేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.

మీ ప్యాకేజీ కరపత్రం నా ముందు ఉంది. రెండు పేజీలు. రోజూ సాయంత్రం పెరుగన్నం, ఆవకాయ, వెంట మన వంటమనిషి, ఏసీ బస్సు, తెలుగు మేనేజర్, గ్రూప్ ఫోటో ఫ్రేము కట్టి ఉచితం. పాస్‌పోర్టు ఎవరికీ తాకట్టు పెట్టకండన్న మాట మాత్రం లేదు. భారత పాస్‌పోర్టు మన సొత్తు కూడా కాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ సొత్తు. అలాంటి కాగితాన్ని స్కూటర్ అద్దెకిచ్చేవాడి డ్రాయరులో పెట్టమని మీ మేనేజరే చెబుతున్నాడు. పోతే ఏం చేయాలో కూడా కరపత్రంలో లేదు. ముందు స్థానిక పోలీసులకు ఫిర్యాదు, తర్వాత మన ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, దాని మీద ఒక్కసారి ఇంటికి ప్రయాణం. బాలిలో అయితే డెన్‌పసార్‌లోనే మన కాన్సులేట్ ఉంది. ఫుకెట్‌లో పోతే ఎంబసీ ఉన్న బ్యాంకాక్ దాకా వెళ్లాలి. ఇది తెలిసి ఉంటే మా మిత్రుడు ఆ మధ్యాహ్నం అంత భయపడేవాడు కాదేమో.

జెట్ స్కీతో పోయింది డబ్బే. మిగతావి చెబుతాను.

అండమాన్‌లో మమ్మల్ని రాస్ ద్వీపానికి తీసుకెళ్లిన బోటులో పనిచేసే మనిషి మన బారువ వైపు వాడు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఏ చేపల జెట్టీ దగ్గర నిలబడినా మన యాస వినిపిస్తుంది. తరాల కిందట వెళ్లిన కుటుంబాలు. నేను ఎండకి లైఫ్ జాకెట్ విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. అతను వచ్చి, "ఏటి బాబూ, జాకెట్టు ఒళ్లో పెట్టుకుంటే నీళ్లలో ఏటి పనికొస్తాది, తొడుక్కో" అన్నాడు. తర్వాత తనే 2014 సంగతి చెప్పాడు. ఆ ఏడు జనవరి 26న, సరిగ్గా ఆ నీళ్లలోనే, ఒక టూరిస్టు బోటు మునిగింది. పాతిక మందికి అనుమతి ఉన్న బోటులో నలభై మందికి పైగా ఎక్కించారు. ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది తమిళనాడు కాంచీపురం నుంచి గ్రూపుగా వచ్చినవాళ్లు. మాలాగే ప్యాకేజీ కట్టి, మాలాగే ఫోటోలు దిగి ఎక్కినవాళ్లు. "ఎక్కేటప్పుడు జనాల్ని లెక్కెట్టుకోవాల బాబూ, ఎక్కాక లెక్కెట్టి ఏటి సేస్తావు" అన్నాడు అతను. మా టూర్ మేనేజర్ నాలుగు రోజుల్లో చెప్పనిది ఆ బోటు మనిషి ఒక్క ముక్కలో చెప్పాడు.

మనకిది కొత్త పాఠమా? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు బోల్తా పడి యాభై మంది దాకా పోయారు. అందులో విశాఖ కుటుంబాలున్నాయి. ఫుకెట్‌లో 2018 జులై 5న, వాతావరణం బాగోదని హెచ్చరిక ఉన్నా బయల్దేరిన టూరిస్టు బోటు మునిగి 47 మంది చైనా వాళ్లు చనిపోయారు. డబ్బు కట్టేశాం, రోజు వృథా అవుతుంది, బయల్దేరదాం అనే తొందర ఎక్కడైనా ఒకటే. ఆ తొందర మా వైపు నుంచి కూడా ఉంటుంది, ఒప్పుకుంటాను. బోటు క్యాన్సిల్ అన్నారని మీ మేనేజర్ మీద అరిచిన డీలర్లు నాకు తెలుసు. ఆ అరుపులు పడడం కూడా మీ పనిలో భాగమే. షాపులో నేనూ పడుతుంటాను.

అలల సంగతి కూడా ఎవరూ చెప్పరు. మే నుంచి అక్టోబరు దాకా ఫుకెట్ పడమటి బీచ్‌లలో ఎర్ర జెండాలు ఎగురుతుంటాయి. ఎర్ర జెండా అంటే నీళ్లలోకి దిగవద్దని. ఆఫ్ సీజన్ కాబట్టి మీ ప్యాకేజీ చవగ్గా వచ్చేదీ ఆ నెలల్లోనే. ఒడ్డున నిలబడి చూస్తే రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒకచోట నీళ్లు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. ఈత రానివాడు ఏరికోరి అక్కడే దిగుతాడు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ లోపలికి తిరిగి వెళ్లే దారి అదే. అది లాగితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. మన కళింగపట్నంలో, బారువలో పిక్నిక్‌కి వెళ్లిన కుర్రాళ్లు కొట్టుకుపోయారని పేపర్లో చూస్తూనే ఉంటాం. ఇంటి దగ్గరి సముద్రమే మనకు తెలియదు. పరాయి సముద్రం ఏం తెలుస్తుంది? ద్వీపాలకు వెళ్లినవాళ్లలో దొంగ చేతిలో చచ్చేవాళ్లు తక్కువ. నీళ్లలోనూ, అద్దె స్కూటర్ మీదా పోయేవాళ్లే ఎక్కువ.

స్కూటర్ అంటే బాలి గుర్తొస్తోంది. మన కుర్రాళ్లకు అక్కడ దిగగానే అద్దె స్కూటర్ కావాలి. లైసెన్సు అడగరు, ఇచ్చేస్తారు. హెల్మెట్ లేకుండా, చొక్కా కూడా లేకుండా తిరుగుతారు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అనేది ఒకటుందని, మన లైసెన్సూ పాస్‌పోర్టూ చూపిస్తే మన ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారని, మీరు ఎవరికైనా చెప్పారా? చెప్పకపోతే ఏమవుతుందంటే, మీరు ప్యాకేజీలో కలిపిన ట్రావెల్ ఇన్సూరెన్సు సరిగ్గా అవసరమైన రోజున పనికిరాకుండా పోతుంది. సరైన లైసెన్సు లేకుండా నడిపినా, తాగి నడిపినా క్లెయిము ఇవ్వరని పాలసీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పాలసీ కాగితాన్ని మా చేతికి ఇచ్చిన ఏజెంటుని నేను ఇంతవరకూ చూడలేదు. "ఇన్సూరెన్సు ఉంది సార్" అంటారు. ఎక్కడుంది, ఏ కంపెనీది, ఎంతకి, ఏ నంబరుకి ఫోన్ చేయాలి? విదేశంలో మనిషి పోతే శవం ఇంటికి రావడానికి అక్కడి మరణ ధ్రువీకరణ, ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎంబసీ నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఇన్ని కాగితాలు కావాలి, లక్షల్లో ఖర్చు. టూరుకు ముందు ఇది మాట్లాడితే అపశకునం అంటారు. సరే, శకునం మీది. కాగితం మాకివ్వండి.

స్కూటర్ మీద వెళ్తూ ఫోన్ చేతిలో పట్టుకుని మ్యాప్ చూస్తే పక్కనుంచి ఇంకో స్కూటర్ వాడు లాక్కుపోతాడు. గల్లీలో బోర్డు పెట్టి అందరికంటే ఎక్కువ రేటిస్తానన్న మనీ ఛేంజర్ దగ్గర నోట్లు లెక్కపెట్టేటప్పుడు కొన్ని బల్ల కిందికి జారిపోతాయి. లక్షల్లో ఇండోనేషియా రుపయాలు చూసేసరికి మనవాళ్లకు సున్నాలు గజిబిజి అవుతాయి, అదే వాడికి కావాల్సింది. ఉలువటు గుడి దగ్గర కోతులు కళ్లజోడు లాక్కుని, పండు ఇస్తేనే తిరిగిస్తాయి. వాటి మీద నాకు కోపం లేదు, మాటంటే మాటే. పటాంగ్‌లో బంగ్లా రోడ్డు అని ఒక వీధి ఉంది, రాత్రిళ్లు మా డీలర్లు దారి "తప్పి" వెళ్లే వీధి. అక్కడ ఉచితంగా లోపలికి పిలిచి బయటికి వచ్చేటప్పుడు వేల బాత్‌ల బిల్లు చేతిలో పెట్టే చోట్లున్నాయి. దీని గురించి ఇంతకంటే రాయను, ఇళ్లల్లో ఆడవాళ్లు కూడా ఈ ఉత్తరం చదువుతారు. వాళ్లకు తెలియదని కాదు.

తాగుడు గురించి మాత్రం రాయాలి. 2009లో బాలి, లొంబోక్‌లలో అరక్ అనే స్థానిక సారా కల్తీ అయి పాతిక మంది దాకా చనిపోయారు, విదేశీయులతో సహా. 2024 నవంబరులో లావోస్‌లో, అది ద్వీపం కాదు గానీ ఇలాంటి టూరిస్టు ఊరే, కల్తీ మందు తాగి ఆరుగురు విదేశీ యాత్రికులు పోయారు. కల్తీ అంటే మిథనాల్. కల్తీ సారా చావులు మన పల్లెలకు తెలియనివా? కానీ రంగు గ్లాసులో గొడుగు గుచ్చి ఇస్తే అది కూడా సారానే కావొచ్చని తట్టదు. తాగిన మర్నాడు చూపు మసకబారినా, కళ్ల ముందు మంచు కురిసినట్టు ఉన్నా హ్యాంగోవర్ అనుకుని పడుకోకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఈ ఒక్క ముక్క మీ మేనేజర్‌కి తెలుసా అని ఈసారి ఎక్కేముందు అడగబోతున్నాను.

ఇక నేరం మనం చేయడం గురించి. తెలియక చేసేవి, తెలిసి చేసేవి రెండూ. మన ఆడవాళ్లు హ్యాండ్‌బ్యాగులో చిన్న వెంకన్న విగ్రహం లేకుండా గడప దాటరు. మాల్దీవుల్లోకి పూజా విగ్రహాలు తీసుకెళ్లడం నిషేధం. మందు బాటిలూ అంతే, డ్యూటీ ఫ్రీలో కొన్నదైనా కస్టమ్స్ దగ్గర ఆపేస్తారు. రిసార్టులో దొరికే మందు, స్థానికులు ఉండే ద్వీపంలో ముట్టుకోకూడదు. థాయ్‌లాండ్‌లో 2014 నుంచి వేప్, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్, నిషేధం. జైలు దాకా వెళ్తుంది. అండమాన్ నుంచి పిల్లలు సముద్రం ఒడ్డున ఏరుకున్న పగడపు ముక్క సూట్‌కేసులో దొరికితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. బారాటాంగ్ గుహలకు వెళ్లే దారిలో, కాన్వాయ్ కిటికీలోంచి అక్కడి అడవిలో ఉండే జారవా ఆదివాసులను ఫోటో తీస్తే అదీ నేరమే, వాళ్లకు బిస్కెట్ ప్యాకెట్ విసిరినా నేరమే. జంతువులను చూడ్డానికి వెళ్తున్నట్టు "ఈరోజు కనిపిస్తారా" అని మన బస్సులో అడిగినవాళ్లున్నారు. సిగ్గేసింది. బయటివాళ్లను రానివ్వని ఆదివాసులుండే ఉత్తర సెంటినల్ ద్వీపం దరిదాపులకు ఎవరూ వెళ్లకూడదు. 2018 నవంబరులో అక్కడికి దొంగచాటుగా వెళ్లిన అమెరికా యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు, డబ్బు తీసుకుని దించిన జాలర్లు అరెస్టయ్యారు. డబ్బున్నవాడి సరదాకి పడవవాడు జైలుకి వెళ్లడం చూస్తే, ఆ పడవల మీద బతికే మనవాళ్లు గుర్తొచ్చి నాకు భయమేస్తుంది.

తెలిసి చేసేవి. బీచ్‌లో పరాయి ఆడవాళ్లను ఫోన్లో తీయడం. నేను చూశాను, మన గ్రూపువాళ్లే, పెళ్లీడు కూతుళ్లున్నవాళ్లు. ఒక తెల్లమ్మాయి వచ్చి ఫోన్ చూపించమని అడిగితే మీ మేనేజర్ నవ్వి సర్దేశాడు. ఎందుకు సర్దాలి? మా మేనకోడలు హనీమూన్‌కి బాలి వెళ్లొచ్చి చెప్పింది, అక్కడివాళ్ల వల్ల తనకు ఏ ఇబ్బందీ కలగలేదట, హోటల్ స్విమ్మింగ్ పూల్ దగ్గర మన దేశం నుంచి వచ్చిన గ్రూపు వల్లే కలిగిందట. 2019లో బాలి హోటల్‌లో ఒక భారతీయ కుటుంబం సామాను సూట్‌కేసుల్లో సర్దుకుని దొరికిపోయిన వీడియో దేశమంతా చూసింది. ద్వీపాల్లో యాత్రికుల భద్రత అని మాట్లాడేటప్పుడు, మన వల్ల ఇతర యాత్రికులకు భద్రత ఉందా అన్నది కూడా మైకులో చెప్పాల్సిన మాటే.

అన్నిటికంటే నాకు భయం బ్యాగుల గురించి. బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల దగ్గర హైడ్రోపోనిక్ గంజాయి (మట్టి లేకుండా నీళ్లలో పెంచేది) పట్టుకున్నారన్న వార్త శంషాబాద్ నుంచి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. తినుబండారాల ప్యాకెట్ల మధ్య పెట్టి తెస్తారు. ఇక్కడి మన్యం ఏజెన్సీ నుంచి గంజాయి బయటికి పోతోందని ఇన్నాళ్లు తలదించుకున్నాం, ఇప్పుడు బయటి నుంచి లోపలికీ వస్తోంది. ఈ పనికి వాడుకునేది కుర్రాళ్లనే. "టికెట్టు, హోటల్ ఫ్రీ, వచ్చేటప్పుడు ఒక బ్యాగు తెస్తే చాలు." ఇరవై కిలోలు దాటిందా, మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద తక్కువలో తక్కువ పదేళ్లు జైలు. ఇండోనేషియాలో అయితే మరణశిక్షే ఉంది. 2005లో బాలిలో హెరాయిన్‌తో పట్టుబడిన తొమ్మిది మంది ఆస్ట్రేలియా వాళ్లలో ఇద్దరిని 2015లో కాల్చి చంపారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం బతిమాలినా వినలేదు. రాజాం కుర్రాడి కోసం ఎవరు బతిమాలతారు? ఎయిర్‌పోర్టు లైనులో "అంకుల్, నా లగేజీ ఎక్కువైంది, ఈ చిన్న బ్యాగు మీ పేరున వేయండి" అని అడిగితే మన పెద్దవాళ్లు మొహమాటానికి సరేననేస్తారు. ఆ మొహమాటం ఎంత ప్రమాదమో మీకు తెలుసు, మాకు చెప్పరు.

మీలో కొందరు, అందరూ కాదు, టూరిస్టు వీసా మీద ఉద్యోగాలకు కూడా పంపుతున్నారు. 2024 మేలో కంబోడియా నుంచి విశాఖ తిరిగొచ్చిన కుర్రాళ్లను గుర్తు తెచ్చుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. టూరు వీసా మీద ఉద్యోగం ఉండదు. ఈ మాట మీ ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి, రంగు నేను ఉచితంగా ఇస్తాను.

మీరేమంటారో నాకు తెలుసు. "ఇవన్నీ ముందే చెబితే జనం భయపడి రారు సార్." నేను కరెంటు వైరు కూడా అమ్ముతాను. రోజూ ఎవరో ఒకరు వచ్చి చవక వైరు అడుగుతారు. ఐఎస్ఐ మార్కు లేని వైరు ఏసీకి వేస్తే గోడలో కాలిపోతుందని చెబుతాను. గొణుగుతాడు, "మీరు ఖరీదైనదే అంటగడతారు" అంటాడు, చివరికి మంచిదే తీసుకెళ్తాడు. మళ్లీ నా దగ్గరికే వస్తాడు. ఇరవై రెండేళ్లలో అలా చెప్పినందుకు పోగొట్టుకున్న బేరాలు నా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా ద్వీపాలేమీ దొంగల దీవులు కావు. మాకు 1155 నొక్కి ఇచ్చిన ఆవిడ ఆ రోజు మామిడి ముక్కలకు డబ్బు కూడా తీసుకోలేదు.

నేను కోరేది పెద్దదేం కాదు. ప్రతి టూరుకు తెలుగులో ఒక కాగితం, ముందూ వెనకా ఒక్క షీటు చాలు. ఆ దేశపు పోలీసు నంబరు, మన ఎంబసీ నంబరు, ఇన్సూరెన్సు పాలసీ నంబరు, అక్కడ ఏవి నేరమో, సముద్రం దగ్గర ఏం చేయకూడదో. విదేశాల్లో చిక్కుల్లో పడ్డవాళ్లు ఫిర్యాదు చేసుకోడానికి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, బయటి దేశాల్లోని ఆంధ్రులకోసం మన రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ ఉంది, వాటి పేర్లు కూడా మా వాళ్లకు తెలియవు. బ్యాలెన్సు డబ్బు తీసుకునే ముందు ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఆ కాగితం చదివి వినిపించండి. ఆడవాళ్లను కూడా పిలవండి, ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. ఇంకొకటి, ముప్పై నాలుగు మందిలో ఇద్దరు చిక్కుల్లో పడితే మేనేజర్ ఆ ఇద్దరి దగ్గరే ఉండాలి. మిగతావాళ్లను బస్సు డ్రైవరు షోకి తీసుకెళ్తాడు.

కంపెనీ సేల్స్ ఆఫీసర్లకు ఒక మాట. మీరు టూరు కాంట్రాక్టు ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్లకే ఇస్తున్నారు. ఆ తగ్గిన నాలుగు వేలు ఎక్కడ తగ్గాయో ఎప్పుడైనా చూశారా? ఇన్సూరెన్సులో తగ్గాయి, మేనేజర్ అనుభవంలో తగ్గాయి. మీకు టన్నులు ఎత్తిపెట్టింది మేము. మమ్మల్ని క్షేమంగా దించమని కాంట్రాక్టులో ఒక లైను రాయించండి.

ఈ క్వార్టర్ టార్గెట్ దాటాను. మళ్లీ బాలి అంటున్నారు. మా మిత్రుడు కూడా టార్గెట్ దాటాడు, రానన్నాడు, నేను బతిమాలితే ఆలోచిస్తానన్నాడు. పాస్‌పోర్టు జిరాక్సులు ఈ నెలాఖరులోగా పంపమని మీ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. ఆ తెలుగు కాగితమూ, పాలసీ కాపీ ఒకటీ మా షాపుకి పంపండి. చదివాక ఇద్దరివీ కలిపి పంపిస్తాను.

ఇట్లు,
నరసన్నపేట హార్డ్‌వేర్ వ్యాపారి